చిత్రిక అడుగున గుంట

మామగారు మంచాన పడ్డ నలభయ్యో రోజున కోడలు కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, చెక్క నునుపు చేసే చిత్రిక ఒకటి కొనుక్కురావడానికి బజారుకు బయల్దేరింది. ఈ ఇంటికొచ్చిన పదహారేళ్లుగా స్కూలు యూనిఫారాలూ కిటికీ తెరలూ కుట్టుకుంటున్న మనిషి. సూదిలో దారం ఎక్కించడమే తప్ప గోడకు మేకు కొట్టడం ఎరగదు. అలాంటిది ఉన్నట్టుండి వడ్రంగం నెత్తినేసుకుంది. భర్త విని నవ్వాడు. నవ్వి, ఆమె ముఖం చూసి, ఆ నవ్వు సగంలోనే మింగేశాడు.

మామగారిని అందరూ రెయిలింగు మేస్త్రీ అంటారు. మెట్ల పక్కన మనుషులు పట్టుకు దిగే చెక్క రెయిలింగు చేయడంలో ఆయన్ని మించినవాడు లేడని అందరూ ఒప్పుకుంటారు. ఆయన కూడా ఒప్పుకుంటాడు, అడగకపోయినా. స్టీలు పైపుల కాలం వచ్చి చేతికి పని తగ్గినా ఆయన నోరు మాత్రం తగ్గలేదు. పైపు పట్టుకుంటే కొళాయి పట్టుకున్నట్టుంటుందనీ, రెయిలింగు పట్టుకుంటే మనిషి చెయ్యి పట్టుకున్నట్టుండాలనీ కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. పక్షవాతం వచ్చి ఆ నోరే ముందు పడిపోయింది. తర్వాత కుడి చెయ్యి. కుడి కాలు సగం మిగిలింది.

ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక బల్లపరుపు పెన్సిలు ఉండేది. అది గీతలు గీయడానికి ఎంత పనికొచ్చిందో తప్పు చేసినవాడి వేలికణుపుల మీద టక్కున కొట్టడానికీ అంతే పనికొచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా ఆ దెబ్బ తిన్నవాళ్లే. సొంత కొడుకైతే మూడేళ్లు తిని, ఇక నావల్ల కాదు బాబోయ్ అని బస్సు కండక్టరు ఉద్యోగంలోకి పారిపోయాడు. కోడలి జోలికి మాత్రం ఆ పెన్సిలు ఏనాడూ రాలేదు. ఆమెను 'అమ్మా' అనే పిలిచేవాడు, కూర మాడినా బాగుందనే తినేవాడు. ఇంత మర్యాద ఏమిటో అని ఆమెకు అప్పుడప్పుడూ మనసులో చిన్నగా గుచ్చుకునేది. తిట్టేంత చనువు తన మీద లేదు కదా అనుకునేది. మంచాన పడ్డాక కూడా ఆయన పొద్దున్నే ఎడమ చెయ్యి చాపి పెన్సిలు అడిగి చెవి మీద పెట్టించుకునేవాడు, ఇంకాసేపట్లో పనికి పోయేవాడిలా.

వ్యాయామం చేయించడానికి రోజు మార్చి రోజు వచ్చే అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. కాలు ఇంకా చచ్చిపోలేదు, కానీ నెలాఖరులోగా లేచి నడవకపోతే బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. నెలాఖరుకి ఇరవై రోజులుంది. కొడుకు పట్టుకుని నడిచే నాలుగు కాళ్ల స్టీలు స్టాండు తెచ్చాడు. మామగారు దాన్ని ఎడమ కాలితో తన్నేశాడు. పోనీ గది నుంచి పెరట్లో పని షెడ్డు దాకా గోడకి పైపు వేయిస్తానన్నాడు. ఆ నడవా పొడుగు పద్నాలుగు అడుగులు. పైపు మాట వినగానే మామగారు కళ్లు మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు కారాయి. ఆయన ఏడవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. అప్పుడే కోడలి నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"చెక్క రెయిలింగే వేద్దాం. నేను చేస్తాను మామయ్యా."

మెషిన్లు పెట్టుకున్న వడ్రంగులెవరూ ఒక్క రెయిలింగు ముక్క కోసం ఇంటికి రారని అప్పటికే నలుగురిని అడిగి తెలుసుకుంది. షెడ్డులో మంచి టేకు బద్ద ఒకటి గోడకి చేరేసి ఉంది. బల్ల మీద మామగారి చిత్రికలు ఆరు వరసగా ఉన్నాయి. కానీ వాటిని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అది ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే నియమం. అందుకే ఈ బజారు ప్రయాణం.

పనిముట్ల కొట్టువాడు మూడు రకాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. ధర వినగానే ఆమె దాన్ని చేత్తో కూడా తాకకుండా పక్కకి జరిపింది. మూడోదానికి రంగెక్కువ, బరువు తక్కువ. మధ్యది చవకదే, కానీ చేతికి దిట్టంగా ఉంది. ఆమె సంచిలోంచి కుట్టుపని స్టీలు స్కేలు తీసి, చిత్రికను బోర్లించి, దాని ఇనప అడుగు మీద స్కేలు నిలువుగా ఆనించి, వెలుతురుకెత్తి చూసింది. స్కేలు కింద మధ్యలో వెలుగు సన్నగా గీతలా కనపడింది. ఇంకోటి చూపించమంది. దానికి ఒక మూల లేచింది. ఇంకోటి. అలా ఆరు డబ్బాలు విప్పించింది. చీరల కొట్టులో కూడా ఇంత బేరం చూడలేదమ్మా అన్నాడు కొట్టువాడు. చీర వంకరగా ఉంటే మడత పెట్టుకోవచ్చు, ఇది మడత పడదుగా అంది ఆమె. అయిదోదానికి వెలుగు అన్నిటికంటే తక్కువ. అదే కట్టించుకుంది.

ఆమె పట్టుదల చూసి కొట్టువాడికి ముచ్చటేసింది కాబోలు, నాలుగు మంచి మాటలు చెప్పి పంపాడు. చవక సరుకు కొన్న రోజున పనికి రాదనీ, దాన్ని పనిలోకి తేవడం కొన్నవాడి చేతిలో ఉందనీ, ముందు అడుగు చదును చేసుకోమనీ చెప్పాడు.

"అడుగు చదునుగా ఉంటేనే అది చిత్రిక, లేకపోతే బరువు. పాతబడ్డ చెక్క చిత్రికలు చూడండి, మధ్యలో అరిగి గుంటపడతాయి. ఇక వాటితో గీస్తే ఏం లాభం?"

ఈ చివరి మాట ఆమె అవసరమైన దానికంటే బాగా గుర్తుపెట్టుకుంది.

పని అయిదు రోజులు పట్టింది. పాత కిటికీ అద్దం ఒకటి బల్ల మీద పరిచి, దాని మీద గరుకైన ఉప్పుకాగితం అతికించి, చిత్రిక అడుగున నల్ల స్కెచ్చు పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, కాగితం మీద రుద్దింది. మిట్టగా ఉన్నచోట గీత చెరిగిపోతుంది, పల్లంగా ఉన్నచోట మిగిలిపోతుంది. మిగిలిన గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. రెండు రోజులు రుద్దింది. భుజాలు పడిపోయాయి, వేళ్లు నల్లబడ్డాయి. యూనిఫారాలకి వచ్చిన వాళ్లని రేపు రమ్మంది, ఎల్లుండి రమ్మంది. తర్వాత బ్లేడు. సానరాయి మీద వీపు చదును చేసి, అంచు నూరి, ముంజేతి మీద రోమాలు తెగేదాకా వదల్లేదు. బ్లేడు మీద కూర్చునే రెండో రేకు సరిగ్గా ఆనక, గీసిన పొట్టు ఆ సందులో దూరి ఇరుక్కుంటుంటే, ఆకురాయితో ఆ రేకు అంచు అరగదీసింది.

ఇదంతా షెడ్డు గుమ్మంలో కూర్చుని చేసింది, మామగారి మంచం మీదికి కనపడేలా. ఆయన నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాడు. కానీ బ్లేడు రాయి మీద తప్పు వాటంగా పడ్డప్పుడల్లా ఆ మూసిన కంటి పైన కనుబొమ్మ మీద ముడి పడేది. ఆమె వాటం మార్చేది. ముడి విడిపోయేది. అయిదు రోజుల్లో ఆయన దగ్గర ఆమె నేర్చుకున్నదంతా ఆ కనుబొమ్మే నేర్పింది.

అయిదో రోజు పొద్దున చిత్రిక ఒక పనికిరాని ముక్క మీద సాఫీగా సాగి, ఉల్లిపొర లాంటి పొట్టు ఒక్క ముక్కగా తీసింది. ఆమె పరుగున తీసుకెళ్లి మామగారి అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని వేళ్లతో సాగదీశాడు, వెలుతురుకి పట్టాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దిండు కింద దాచుకున్నాడు. ఆ మధ్యాహ్నం వ్యాయామానికి నిలబడమంటే నిలబడ్డాడు కూడా, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు.

ఇక మన కోడలు నేల మీద నిలుస్తుందా? ఆనందం పట్టలేక మనుషులు చేసే పనులు కోపం పట్టలేక చేసే పనులకంటే నయమేమీ కాదు. మర్నాడు మామగారు భోజనం చేసి కునుకు తీస్తుంటే ఆమె షెడ్డులోకి వెళ్లి, ఎవరూ ముట్టుకోని ఆ ఆరు చిత్రికల్లో చేతిచెమటకి అన్నిటికంటే నల్లబడ్డదాన్ని తీసింది. ఆయనకి ఇష్టమైనది అదేనని పిడి చూస్తేనే తెలుస్తోంది. బోర్లించి స్కేలు పెట్టింది. అడుగు మధ్యలో ఈ కొస నుంచి ఆ కొస దాకా వరిగింజ మందాన గుంట. బ్లేడు తీసి చూస్తే దాని అంచు కూడా లోపలికి వంపు తిరిగి ఉంది. పాపం, ఎన్నేళ్ల అరుగుదలో, కళ్లు ఆనక ఇలాగే నెట్టుకొచ్చాడు కాబోలు అనుకుంది. కొట్టువాడి మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఆయన లేచేసరికి దీన్ని కొత్తదానిలా చేసి చేతిలో పెట్టాలనుకుంది.

తన చవక చిత్రికతో, అయిదు రోజులు చెమటోడ్చి సాన పట్టిన అదే చిత్రికతో, మామగారి చిత్రిక అడుగు గీసేసింది. చెక్క గట్టిది, అయినా పొరలు పొరలుగా వచ్చింది. గుంట సన్నబడి, గీతయి, మాయమైంది. బ్లేడు తీసుకెళ్లి వీధి చివర కత్తులు సాన పట్టేవాడి చక్రం మీద అంచు తిన్నగా పట్టించింది. నూనె రాసి, గుడ్డతో తుడిచి, మామగారు లేవగానే నవ్వుతూ చేతికిచ్చింది.

ఆయన కూడా ముందు నవ్వబోయాడు. ఎడమ చేత్తో తీసుకుని, ఒళ్లో బోర్లించి, అడుగు మీద బొటనవేలు అడ్డంగా నడిపించాడు. వేలు ఆగింది. మళ్లీ నడిపించాడు. వెతుకుతున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరికి, ఈ చివర నుంచి ఆ చివరికి. బ్లేడు అంచు చూశాడు. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నలభయ్యారు రోజుల్లో ఆయన గొంతులోంచి వచ్చిన మొదటి శబ్దం అది. మాట కాదు, ఏడుపూ కాదు. చిత్రికను పక్కన పెట్టాడు. చెవి మీది పెన్సిలు తీసి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఏం తప్పు చేసిందో కోడలికి తెలియదు, చేసిందని మాత్రం తెలుసు. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. ఆ పెన్సిలు తీసి ఒక్కటి వేసినా బాగుండేది. ఆయన కోపం తెచ్చుకోలేదు, ఆమెను అవతల పెట్టాడు, అంతే. పదహారేళ్ల మర్యాద ఇప్పుడు గోడయి కూర్చుంది.

మూడు రోజులు గడిచాయి. అన్నం నాలుగు ముద్దలకంటే ముట్టలేదు. పొద్దున పెన్సిలు అడగలేదు. వ్యాయామం అమ్మాయి వచ్చి కాలు పట్టుకుంటే కాలు బిర్రబిగించాడు. ఆ అమ్మాయి వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర, ఇలాగైతే నేను రావడం దండగ అని అనేసి వెళ్లింది. కొడుకు డ్యూటీ నుంచి రాగానే తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, రోగం ముదిరిందేమో, పెద్దాసుపత్రికి తీసుకెళదామా అన్నాడు. రోగం కాదండీ, నేనే ఏదో చేశాను అని చెప్పింది కోడలు. ఏం చేశావంటే చూపించింది. మూడేళ్లు పెన్సిలు దెబ్బలు తిన్నవాడు కూడా ఆ చిత్రికను అటూ ఇటూ తిప్పి, బాగానే ఉందిగా అన్నాడు.

నాలుగో రోజు పాలిష్ బాబాయి పరామర్శకి వచ్చాడు. మామగారు చేసిన రెయిలింగులన్నిటికీ ముప్పయ్యేళ్లు పాలిష్ పెట్టినవాడు. గోళ్లలో ఎర్రరంగు ఇప్పటికీ పోలేదు. స్నేహితుడు గోడవైపు తిరిగే ఉన్నాడు, పలకరించినా తిరగలేదు. బాబాయి కాసేపు కూర్చుని, షెడ్డులోకి వచ్చి, కోడలు చూపించిన చిత్రికను బోర్లించాడు.

"గుంట ఏదమ్మాయ్?"

"అరిగిపోయిందనుకుని చదును చేశాను బాబాయిగారూ."

"అరగడమా? అది వాడు చెక్కుకున్నదమ్మా. సరిగ్గా కుదరడానికే రెండేళ్లు పట్టింది. రెయిలింగు వీపు అరచేతికి నిండుగా రావాలంటే అంత వంపుండాలి, వెంట్రుకవాసి ఎక్కువైనా చేతికి గుచ్చుకుంటుందనేవాడు. ముప్పయ్యేళ్ల నుంచి ఎక్కడ రెయిలింగు పట్టుకున్నా ఒకే చెయ్యి పట్టుకున్నట్టుండేది. ఆ చెయ్యి ఇదే."

బాబాయి తిట్టలేదు. వడ్రంగం తెలిసినవాడెవడూ ఈ తప్పు చేయడు, బొత్తిగా తెలియనివాడు అసలు ముట్టుకోడు, సగం తెలిసినవాళ్లకే ఇది సాధ్యం అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. బాబాయి వెళ్లగానే ఆమె కుట్టుమిషను బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. మంచం మీది మనిషికి రేపు నడవాలన్న ఆశ ఏదైనా ఉంటే అది షెడ్డులోని ఆ గుంటలోనే ఉంది. దాన్ని తనే గీసి పొట్టు చేసి ఊడ్చి పారేసింది.

ఏడుపయ్యాక ఆమెకు తోచింది. గుంట పోయింది కానీ, ఆ గుంట చేసిన రెయిలింగులు పోలేదుగా. పరుగెత్తి వీధి మలుపులో బాబాయిని పట్టుకుని, దగ్గర్లో ఆయన చేసింది ఎక్కడుందని అడిగింది. పాత ఆసుపత్రిలో పై అంతస్తుకి వెళ్లే మెట్లకి ఉందన్నాడు.

బంకమట్టి ముద్ద డబ్బాలో పెట్టుకుని మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. రోగులూ వాళ్లవాళ్లూ ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మెట్ల మీద నిలబడితే దారికి అడ్డం, అందుకని మెట్లు మలుపు తిరిగే చోట, నాలుగడుగుల జాగా ఉంటే అక్కడ నిలబడి, రెయిలింగు వీపు మీద మట్టి అదిమింది. ఒక నర్సు ఆగి ఏం చేస్తున్నారని అడిగితే, కొలత తీసుకుంటున్నానని చెప్పింది. రెయిలింగుకి చొక్కా కుడతారా అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది నర్సు.

ఆ తర్వాత వారం ఆమె ఎలా పని చేసిందో చెప్పడం కష్టం. మట్టి అచ్చుకి సరిపడా అట్ట కత్తిరించింది. అట్ట వంపుకి సరిపడా ఒక కర్ర ముక్క గీసి, దానికి ఉప్పుకాగితం చుట్టి, మామగారి చిత్రిక అడుగున రుద్ది రుద్ది మళ్లీ గుంట తెచ్చింది. కత్తుల సానవాడు, మొన్ననే తిన్నగా చేయించారు, ఇప్పుడు వంకర చేయమంటున్నారు, మీ మనసు కుదురుగా లేదా అని విసుక్కుంటూ బ్లేడుకి వంపు పట్టాడు. టేకు బద్దను తన చవక చిత్రికతో నాలుగు పక్కలా చదును చేసింది. చివరికి మామగారి చిత్రికను భయంభయంగా పట్టుకుని వీపు వంపు తీసింది. పొట్టు మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత తీరుగా వచ్చింది. గోడవైపు తిరిగిన మామగారి చెవికి ఆ చప్పుడు వినపడకుండా ఉండదు. ఒక్కసారీ ఇటు తిరగలేదు.

నెలాఖరుకి రెండు రోజులుందనగా భర్త సెలవు పెట్టి గోడకి బెజ్జాలు వేసి రెయిలింగు బిగించాడు. బిగించి, వెళ్లేటప్పుడు ఎడమ చేత్తో పట్టుకుంటాడు సరే, వచ్చేటప్పుడు ఎలా అన్నాడు. ముందు వెళ్లనివ్వండి అంది ఆమె.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వ్యాయామం అమ్మాయి, కొడుకు కలిసి మామగారిని మంచం అంచున కూర్చోబెట్టారు. మనిషి చూపు నేల మీదే ఉంది. కోడలు ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని రెయిలింగు కొస మీద పెట్టింది. ఇంక చేయగలిగిందేమీ లేదు. ఆయన చెయ్యి తీసేస్తే అంతే.

తీయలేదు. అరచెయ్యి కొంచెం ముందుకి జరిగింది. వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. ఇంకొంచెం ముందుకి. కనుబొమ్మ మీద ముడి పడింది. చెయ్యి అందినంత దూరం అందింది. అవతలి భాగం ఎలా ఉందో చూడాలంటే లేవక తప్పదు. మామగారు లేచాడు. కొడుకు పట్టుకోబోతే వ్యాయామం అమ్మాయి చేయి అడ్డం పెట్టి ఆపింది. ఒక అడుగు. అరచెయ్యి రెయిలింగు వీపు మీద జారి బయటివైపుకి ఒరిగింది. ముడి ఇంకా బిగిసింది. తల అడ్డంగా ఊపాడు. రెండో అడుగు, మూడో అడుగు. కుడి కాలు నేల మీద ఈడుస్తూ, ఆగుతూ, తడుముతూ, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయాడు. ఆయన నడవడం లేదు, పని తనిఖీ చేస్తున్నాడు. నడుస్తున్న సంగతి ఆయనకి తప్ప మిగిలిన ముగ్గురికీ తెలుసు. ఊపిరి తీస్తే ఎక్కడ గుర్తొచ్చి పడిపోతాడో అని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

పద్నాలుగు అడుగులూ అయ్యాయి. షెడ్డులో బల్ల ముందు స్టూలు మీద దబ్బున కూలబడ్డాడు. రొప్పుతూనే తన చిత్రిక దగ్గరికి లాక్కుని అడుగు తడిమాడు. పక్కనే ఉన్న అట్ట అచ్చు తీసి, ఎడమ అరచెయ్యి వంచి, అందులో పెట్టి చూపించాడు. అట్ట ఒక పక్క అరచేతికి ఆనింది. రెండో పక్క వేలు పట్టేంత సందు.

కోడలికి అప్పుడు కళ్లు విచ్చుకున్నాయి. ఆసుపత్రి మెట్లు మలుపు తిరిగేచోట ముప్పయ్యేళ్లుగా ఎన్ని చేతులు గట్టిగా పట్టుకుని తిరిగాయో. ఆ వంపు మేస్త్రీ చేసింది కాదు, మనుషులు అరగదీసింది. పాత చొక్కా ఆదిగా ఇచ్చి ఇలాగే కుట్టమనే వాళ్లని ఆమె పదహారేళ్లుగా కోప్పడుతోంది. తొడిగి తొడిగి సాగిన చొక్కా కొలతకి పనికిరాదు, మనిషి రావాలి, మెడ దగ్గర టేపు పెట్టాలి అని రోజుకి రెండుసార్లయినా అంటుంది. మొన్న అరగని దాన్ని అరిగిందనుకుంది, ఇప్పుడు అరిగిన దాన్ని అరగలేదనుకుంది. ఎదురుగా మంచం మీద చెయ్యి ఉంది. దాని కొలత తీయాలని తోచలేదు.

"ఆది చొక్కా పెట్టి కుట్టేశాను మామయ్యా," అంది తల దించుకుని.

మామగారు ఆమె వంక చూశాడు. గుంట చెడిన రోజు తర్వాత ఆమె ముఖంలోకి చూడడం ఇదే. ఎడమ చెయ్యి పైకెత్తి చెవి మీద తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు. చుట్టూ చూశాడు. కోడలు గదిలోకి పరుగెత్తి, పదమూడు రోజులుగా స్టూలు మీద పడి ఉన్న పెన్సిలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఆ పెన్సిలు పట్టుకుని, బల్ల మీద ఆనించిన ఆమె వేలికణుపుల మీద టక్కుమని ఒక్కటి వేశాడు.

కొడుకు ఉలిక్కిపడి, కోడల్ని కొడతావేంటి నాన్నా అన్నాడు. ఆమె చెయ్యి తీయలేదు. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలి బల్ల మీది పొట్టులో ఇంకాయి. ఆ చెయ్యి అలాగే ఉంచి, ఇంకోటి వేసినా పరవాలేదన్నట్టు నిలబడింది.

మామగారు ఇంకోటి వేయలేదు. పెన్సిలు చెవి మీద తనే పెట్టుకున్నాడు. తర్వాత ఎడమ అరచెయ్యి వెల్లకిలా తిప్పి బల్ల మీద చాపి, రమ్మన్నట్టు వేళ్లు కదిపాడు. కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుని, మెడలోని టేపు తీసింది.